తిథి ఉన్న అతిథి: ప్రవాస కథల్లో పెద్దల రాక, పసిపిల్లల పెంపకం

అమెరికా ప్రవాస జీవితాన్ని చిత్రించిన కథల్లో తల్లిదండ్రుల రాక తరచుగా కనిపించే ఇతివృత్తం. విమానాశ్రయంలో ఎదురుకోలు, సామానులో ఊరగాయ సీసాలు, మనుమల ఉచ్చారణ అర్థంకాని తికమక, చివరికి తిరుగు ప్రయాణం. విమర్శ ఈ కథలను సాధారణంగా తరాల అంతరం అనో, సంస్కృతుల సంఘర్షణ అనో వర్గీకరించి ముందుకు సాగిపోతుంది. ఆ వర్గీకరణ తప్పు కాదు గాని, దానివల్ల ఒక ప్రశ్న మరుగున పడుతోంది. పసిపిల్లలున్న ఇంటికి పెద్దలు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఆతిథ్యం ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు? ఈ ప్రశ్న వేయకుండా చదివితే కథలోని నేరం దాదాపు ప్రతిసారీ కోడలి మీదనో కూతురి మీదనో పడుతుంది. చిత్రా బెనర్జీ దివాకరుణి ‘మిసెస్ దత్తా రైట్స్ ఎ లెటర్’ (1998), ఝుంపా లాహిరి ‘అన్‌అకస్టమ్డ్ ఎర్త్’ (2008) అనే రెండు ఆంగ్ల కథలను ఈ దృష్టితో పరిశీలించి, తెలుగు ప్రవాస కథ అధ్యయనానికి వాటి నుంచి లభించే సాధనాలేమిటో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట పదం సంగతి. రాకకు తిథి నియమం లేనివాడు అతిథి అన్నది సంప్రదాయ వ్యుత్పత్తి. మనుస్మృతి మరొక అడుగు ముందుకు వేసి, ఒక్క రాత్రి మాత్రమే ఉండేవాణ్ణి అతిథి అంటుంది. నిలకడ లేకపోవడమే ఆ పేరుకు కారణమని చెబుతుంది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి తల్లిని, తండ్రిని, ఆచార్యుణ్ణి, అతిథిని వరుసగా దైవాలుగా భావించమంటుంది. ఈ వరుసను ఆతిథ్య ధర్మానికి ప్రమాణంగా ఉదహరించేవారు సాధారణంగా నాలుగోదానినే పట్టుకుంటారు. తల్లి, తండ్రి, అతిథి వేర్వేరు స్థానాల్లో ఉన్నారన్న సంగతి వారి దృష్టికి రాదు. తల్లే అతిథిగా వచ్చే ఇల్లు ఆ వరుసలో ఊహకందని ఇల్లు.

మనుచరిత్రలో ప్రవరుని ఇల్లు కూడా ఇటువంటిదే. వృద్ధులైన తల్లిదండ్రులు ఆ ఇంట్లోనే ఉన్నారు. అతిథులు బయటి నుంచి వస్తారు. ప్రవరుడు వారిని తీర్థయాత్రా విశేషాలు అడిగి తెలుసుకుంటాడు. వండేది మాత్రం అతని ఇల్లాలు. వేయిమంది వచ్చినా ఆమె అలసిపోదని, అర్ధరాత్రి వచ్చినా లేదనకుండా పెడుతుందని పెద్దన వర్ణించాడు. ఆ వర్ణనలోని సౌందర్యాన్ని ఆస్వాదిస్తూనే ఒక విషయం గమనించాలి. కీర్తి గృహస్థుది, శ్రమ గృహిణిది. ఆ వర్ణనలో ఆమె పేరు కూడా కనిపించదు. ప్రవాస కథ ఈ పద్యం దగ్గర నుంచి ఎంతో దూరం వచ్చినట్లు కనిపిస్తుంది గాని, పని విభజనలో ఆ దూరం అంత ఎక్కువేమీ కాదు.

తెలుగువారి ఆచారంలో తొలి కాన్పుకు కూతురు పుట్టింటికి వెళ్తుంది. పురుడు పోసేది తల్లి. పథ్యం పెట్టేది, బాలింతకు కాయం తినిపించేది, పసిబిడ్డకు నలుగుపెట్టి నీళ్ళు పోసేది ఆ ఇంటి పెద్ద ఆడవాళ్ళు. కూతురు అక్కడ అతిథి కాదు, పుట్టింటి బిడ్డ. అమెరికాలో ఈ ప్రయాణం తలకిందులవుతుంది. కూతురు కదలదు, తల్లి కదులుతుంది. పుట్టిల్లే ఒక పెట్టెలో సర్దుకుని వచ్చినట్లు లెక్క. అయితే ఆ తల్లి దిగేది తన ఇంట్లో కాదు. పొయ్యి తీరు, గిన్నెలు కడిగే యంత్రం, చెత్త వేరుచేసే పద్ధతి, చివరికి మనుమరాలు నిద్రపోవలసిన వేళ కూడా ఆమెకు మరొకరు చెప్పవలసిన విషయాలు. పురుడు పోసే అధికారం ఆమెది, ఇంటి అధికారం కూతురిది. ఒకే వంటగదిలో రెండు అధికారాలు.

దీనికి చట్టం తోడవుతుంది. తల్లిదండ్రులు సాధారణంగా వచ్చేది బి-2 వీసా మీద. ఆ తరగతి పేరులోనే విహారార్థం వచ్చిన సందర్శకులన్న అర్థం ఉంది. విమానాశ్రయంలో సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. ఆ గడువు తేదీ ఐ-94 పత్రంలో నమోదవుతుంది. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మరోవైపు 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం ప్రకారం అర్హులైన ఉద్యోగులకు లభించే సెలవు పన్నెండు వారాలు, అది కూడా జీతం లేకుండా. ఈ రెండు నియమాల మధ్య ఉన్న ఖాళీలోకి అమ్మమ్మ వస్తుంది. రాత్రంతా మనుమణ్ణి భుజాన వేసుకుని తిరిగే ఆ స్త్రీ ప్రభుత్వం దృష్టిలో విహారయాత్రికురాలు. తిథి లేనివాడు అతిథి అయితే, ఈమెకు రాకపోకల రెండు తిథులూ ముందే అచ్చయి ఉన్నాయి. అందువల్ల ఆమె శాస్త్రార్థంలో అతిథి కాదు, ఆచారార్థంలో ఇంటిమనిషి కాదు, చట్టం దృష్టిలో పనిమనిషీ కాదు. మన భాషలో ‘చుట్టపుచూపు’ అనే మాటలో ఉన్న తేలికదనం ఈ ఆరు నెలలకు సరిపోదు.

దివాకరుణి కథ ఈ స్థితిని అత్తగారి వైపు నుంచి చూస్తుంది. భర్త పోయిన మిసెస్ దత్తా కలకత్తాలో తన సంసారాన్ని చుట్టబెట్టుకుని కాలిఫోర్నియాలోని కొడుకు సాగర్ ఇంటికి శాశ్వతంగా వచ్చేసింది. తెల్లవారుజామునే లేవడం ఆమెకు జీవితకాలపు అలవాటు. ఆ ఇంట్లో ఎవరి నిద్రా చెడకూడదని మెలకువగానే కదలకుండా పడుకుంటుంది. కోడలు శ్యామోలిని ఇక్కడివారు మోలీ అంటారు. మనుమలకు నాయనమ్మ అంటే ప్రేమ కంటే విసుగు ఎక్కువ. కలకత్తాలోని స్నేహితురాలు మిసెస్ బాసు ఉత్తరం రాసి, అమెరికాలో సంతోషంగా ఉన్నావా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేకపోవడమే కథాగమనం.

ఈ కథలో వంట కీలకమైన చర్య. మిసెస్ దత్తా తనకు తెలిసిన ఏకైక ఆతిథ్య భాషలో ఆ ఇంటివారికి వండిపెడుతుంది. కోడలికి నూనె, కొవ్వుల గురించి భయం. ఆ భయాన్ని పాశ్చాత్య వ్యామోహంగా కొట్టిపారేయడం తేలిక; తరగతి గదుల్లో జరిగేది కూడా చాలావరకు అదే. కాని వండినది తినడమంటే ఆ వంటగది ఎవరిదో ఒప్పుకోవడం. అత్తగారు వండుతున్నంతసేపూ శ్యామోలి తన ఇంట్లో తానే అతిథి. మిసెస్ దత్తా చేత్తో ఉతికిన బట్టలను వెనక కంచె మీద ఆరవేస్తుంది; పొరుగింటావిడ ఆ సంగతి శ్యామోలికి ఫిర్యాదు చేస్తుంది. ఆ రాత్రి కోడలు భర్త దగ్గర ఏడ్చి, ఈ ఇల్లు ఇక తనదిగా అనిపించడం లేదన్న ధోరణిలో మాట్లాడుతుంది. అత్తగారు ఆ మాటలు వింటుంది.

కథనం మిసెస్ దత్తా మనసులోంచి నడుస్తుంది కాబట్టి పాఠకుడికి కోడలి వేదన గోడ అవతలి గొంతుగానే అందుతుంది. ఇది కథకు బలం, పరిమితి కూడా. ఉద్యోగం చేసి వచ్చి, ఇద్దరు పిల్లలను చూసుకుంటూ, ఎన్నో ఏళ్ళు శ్రమపడి పొరుగువారి దగ్గర సంపాదించుకున్న గౌరవం ఒక్క చీర ఆరేయడంతో జారిపోతున్నట్లు భావించే స్త్రీ భయం చిన్నది కాదు. అది వలస వచ్చినవారి భయం. కథ ఆ భయాన్ని గుర్తించింది గాని దానికి లోపలి గది ఇవ్వలేదు. ఇంతకంటే పెద్ద లోపం సాగర్ పాత్ర. తల్లిని రమ్మన్నవాడు అతడు. బంధుధర్మం ప్రకారం ఆతిథేయుడు అతడే. కాని ఇద్దరు స్త్రీల మధ్య సర్దిచెప్పే మనిషిగా మాత్రమే అతడు కనిపిస్తాడు. తల్లికి అమెరికాలో ఒక పగలు ఎలా గడుస్తుందో అతడు ఆలోచించిన దాఖలా కథలో బలంగా లేదు. కథ అతణ్ణి మందలించదు కూడా. ప్రవరుడికి దక్కిన సౌకర్యమే సాగర్‌కూ దక్కింది.

లాహిరి కథ ఈ అమరికను తిప్పి చూపుతుంది. ఇక్కడ వచ్చినది తల్లి కాదు, భార్యను కోల్పోయిన తండ్రి. ఉండేది ఒక్క వారం. కూతురు రూమా న్యాయవాద వృత్తి మానుకుని, చిన్నవాడైన ఆకాశ్‌తో సియాటిల్ ప్రాంతంలో కొత్త ఇంట్లో ఉంటోంది; మళ్ళీ గర్భవతి. భర్త ఆడమ్ పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. తండ్రి తమతోనే ఉండిపోతానంటాడేమోనన్నది ఆమె బెంగ. ఉండమని అడగకపోతే తప్పు, అడిగితే బరువు. తండ్రి మాత్రం విమానాశ్రయంలోనే కారు అద్దెకు తీసుకుని, దారి తానే వెతుక్కుని వస్తాడు. ఎదురుకోలు అవసరంలేని అతిథి ఆయన. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు తానే కడుగుతాడు. పెరట్లో తవ్వి మొక్కలు నాటుతాడు. మనుమడికి బెంగాలీ మాటలు నేర్పుతాడు.

ఈ వారం రోజుల్లో రూమా మనసులో జరిగిన మార్పే కథకు ప్రాణం. మొదట తండ్రిని మరొక బాధ్యతగా లెక్కపెట్టిన కూతురు, చివరికి ఆయనను ఉండమని అడుగుతుంది. ఆ అడగడంలో ప్రేమ ఉంది, ఒంటరితనం ఉంది, ఇంకా తేటగా చెప్పాలంటే పసివాణ్ణి ఎత్తుకునే మరో రెండు చేతుల అవసరం ఉంది. ఆతిథేయి యాచకురాలవుతుంది, అతిథి కాదంటాడు. మరో సంసారపు నడుమకు తిరిగి రావడం ఆయనకు ఇష్టం లేదు. పిల్లలను పెంచడం, వారు ఎదిగి వెళ్ళిపోవడం ఆయన ఒకసారి అనుభవించినవాడు. యూరప్ యాత్రల్లో పరిచయమైన మిసెస్ బాగ్చీ అనే స్త్రీతో ఆయనకు ఏర్పడిన సాన్నిహిత్యం కూతురికి చెప్పని విషయం.

ఈ తిరస్కారాన్ని స్వేచ్ఛగా కొనియాడే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. ఆ స్థానంలో రూమా తల్లి ఉంటే కాదనగలిగేదా? తండ్రి గిన్నెలు కడిగితే అది కూతురికి ఆశ్చర్యం, పాఠకుడికి ఆహ్లాదం. తల్లి కడిగి ఉంటే కథలో అది వాక్యంగా కూడా మిగిలేది కాదేమో. ఆయన చేసిన పనులన్నీ కానుకలుగా కనిపించడానికి కారణం అవి ఆయన నుంచి ఎవరూ ఆశించని పనులు కావడమే. మిసెస్ దత్తా చేసిన పనులు అధికంగా ఆశించినవి, లేదా అసలు అక్కరలేనివి. రెండు కథల మధ్య తేడాను రచయిత్రుల దృక్పథ భేదంగా మాత్రమే చూస్తే ఈ సంగతి జారిపోతుంది.

మరొక తేడా తెలుగు పాఠకుడికి వెంటనే తట్టాలి. మిసెస్ దత్తా నాయనమ్మ. రూమా తండ్రి తల్లివైపు తాత. ఆంగ్ల కథనం ఈ భేదాన్ని చదును చేస్తుంది. తెలుగులో రాసే కథకు ఆ వీలు లేదు. అమ్మమ్మ వచ్చిందా నాయనమ్మ వచ్చిందా అన్నది మొదటి వాక్యంలోనే తేలిపోతుంది. దానితోపాటే ఎవరి తల్లి ముందు రావాలి, పురిటికి ఎవరు, ఆ తర్వాతి ఆరు నెలల వంతు ఎవరిది, వియ్యపురాళ్ళ మర్యాదల్లో ఎవరికి లోటు జరిగింది అన్నవన్నీ కథలోకి ప్రవేశిస్తాయి. కొడుకు దగ్గర ఉండటం హక్కు, అల్లుడింట్లో ఎక్కువకాలం ఉండటం మొహమాటం అన్న భావన చాలా తెలుగు కుటుంబాల్లో ఇంకా బతికే ఉంది. కూతురింటికి బిడ్డను పెంచడానికి వచ్చిన తల్లిదండ్రులు ఆ మొహమాటాన్ని రోజూ మోస్తారు. మిసెస్ దత్తా హక్కుతో వచ్చి భంగపడింది. రూమా తండ్రి హక్కు లేదన్న ఎరుకతో వచ్చి గౌరవంగా వెళ్ళాడు. బంధుత్వ పదాలే ఈ రెండు ముగింపులను కొంతవరకు నిర్ణయించాయన్న ప్రతిపాదన తెలుగు కథల మీద పరీక్షించదగినది.

పరీక్షకు సామగ్రి కొరత లేదు. వంగూరి ఫౌండేషన్ ఆఫ్ అమెరికా వెలువరించిన ‘అమెరికా తెలుగు కథానిక’ సంకలనాలు, 1998 నుంచి వస్తున్న ‘ఈమాట’ అంతర్జాల పత్రికలోని కథలు పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. అమెరికా తెలుగు కథ మీద జరిగే పరిశోధన వస్తువుల జాబితా తయారుచేయడం దగ్గర ఆగిపోతే ప్రయోజనం స్వల్పం. కథ ఎవరి కంఠంతో నడుస్తోంది, వచ్చినవారి బంధుత్వం ఏమిటి, రాత్రి బిడ్డ ఏడ్చినప్పుడు లేచేదెవరు, ఇంటి యజమాని ఆ సమయంలో ఎక్కడున్నాడు అన్నవి ప్రతి కథనూ అడగవలసిన ప్రశ్నలు. చివరి ప్రశ్నకు చాలా కథల్లో సమాధానం ఒక మౌనం. ఆ మౌనం కూడా పాఠంలో భాగమే.

ఈ రెండు కథలూ రాతప్రతులతోనే ముగుస్తాయి. పక్కగదిలోంచి విన్న మాటల తర్వాత మిసెస్ దత్తా స్నేహితురాలికి జవాబు రాయడానికి కూర్చుంటుంది. కలకత్తాకు తిరిగివచ్చి ఆమె ఇంటి కింది భాగంలో అద్దెకుంటానని రాస్తుంది. రూమా తండ్రి మిసెస్ బాగ్చీకి రాసిన కార్డు ఎక్కడో పోయిందనుకుని వెళ్ళిపోతాడు. వచ్చినవారి మనసులోని మాట రెండు కథల్లోనూ ఆ ఇంటివారిని ఉద్దేశించి రాసినది కాదు. దాన్ని అందుకోవలసినది ఇంటి బయట ఉన్న మరొకరు. లాహిరి కథలో ఆ కార్డు దొరికేది పెరట్లో. ఆకాశ్ తన చిన్న మడిలో బొమ్మలతోపాటు దానినీ నాటాడు. రూమాకు ఆ బెంగాలీ లిపి చదవడం రాదు. ఎవరికి రాసినదో మాత్రం ఆమె గ్రహిస్తుంది. చించివేయకుండా దానికి తపాలా బిళ్ళ అంటిస్తుంది.