ఈకలు తీసి చూడండి

కొత్తగా విల్లు పట్టినవాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఇంచుమించు ఒకటే. "అన్నా, బాణం తోకాడిస్తా పోతాది. విల్లు మార్చేదా?" మొన్న చింతామణి కుర్రాడొకడూ ఇదే అడిగాడు. మార్చొద్దన్నాను. చాలాసార్లు దోషం వింటిదీ కాదు, చేతిదీ కాదు. ఆ వింటికి ఆ బాణం పొసగలేదు, అంతే.

పోటీల్లో వాడే ఖరీదైన విల్లుకు నడుమ కోత ఉంటుంది, బాణం సూటిగా వెళ్తుంది. మన వెదురు వింటికి అది లేదు. బాణం పిడి పక్కన ఆనుకుని, గురికి కాస్త ఓరగా నిలుస్తుంది. అల్లెతాడు వదలగానే వెనకనుంచి వచ్చే తోపుకు పుల్ల పాములా వంగి, పిడిని తప్పించుకుని, అటూ ఇటూ ఊగుతూ క్రమంగా తిన్నబడుతుంది. 1930ల్లో అమెరికా శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ అతివేగ కెమెరాతో దీన్ని పట్టి చూపించాడు. పుల్ల మరీ బిరుసైతే పిడిని తన్నుకుని పక్కకు పోతుంది. మరీ మెత్తనైతే అతిగా ఊగుతుంది.

పుల్ల బిరుసు కొలవడానికి యంత్రం అక్కర్లేదు. 26 అంగుళాల ఎడంలో రెండు మేకులు కొట్టి, వాటి మీద పుల్ల పెట్టి, సరిగ్గా నడుమ 2 పౌండ్లు, అంటే సుమారు 900 గ్రాముల బరువు వేలాడదీయండి. ఎన్ని అంగుళాలు వంగిందో చూసి, 26ను ఆ అంకెతో భాగించండి. అర అంగుళం వంగితే 52 వచ్చింది కదా, ఆ పుల్ల 52 పౌండ్ల వింటికి దగ్గర. నడుమ కోత లేని వింటికి ఇంకాస్త మెత్తనిదే నప్పుతుంది. ఒక కట్టలో పుల్లలన్నీ ఒకే తీరుగా వంగాలి. నా మట్టుకు, ఖరీదైన ములికి కన్నా ఈ ఏరివేతే ముఖ్యం. వెదురు పుల్ల లావుందని పై పెచ్చు మాత్రం గీకొద్దు, దాని బలమంతా అక్కడే.

ఇక అల్లెతాడు. నైలాన్ సాగుతుంది, వద్దు. విల్లు ఎక్కిడినప్పుడు పిడికీ తాడుకూ మధ్య, బొటనవేలు నిలబెట్టిన పిడికిలి పట్టేంత ఎడం ఉండాలి. తక్కువైతే తాడుకు మరికొన్ని మెలికలు వేస్తే పెరుగుతుంది. ఒక మార్పు చేశాక బాణాలు వేసి చూసి, ఆ తర్వాతే రెండోది.

అసలు పరీక్ష ఈకలు లేని బాణంతో. ఈకలు బాణాన్ని తిన్నగా నడిపిస్తాయి, దాంతోపాటు తప్పునూ కప్పిపుచ్చుతాయి. ఒకే రకం పుల్లల్లో ఒకదానికి ఈకలు తీసేసి, మిగతావాటితో పాటు పది, పదిహేను అడుగుల నుంచి మొదలుపెట్టి వేయండి. ముందు ఎత్తు చూడండి. బోడి బాణం మిగతావాటికి పైన నాటితే తాడు మీద బాణం పెట్టే చోటు కిందికి ఉందని, కింద నాటితే పైకి ఉందని అర్థం. అది సరిచేశాకే పక్కలు. కుడిచేత్తో తాడు లాగి, బాణాన్ని వింటికి ఎడమవైపు ఆనించేవాళ్లకు, ఎడమకు పడితే పుల్ల బిరుసు: ములికి బరువు పెంచాలి. కుడికి పడితే మెత్తన: పుల్ల కాస్త కురచ చేయాలి.

బాణం పొసగించే ఈ పని తలచినప్పుడల్లా నాకు లేపాక్షి గుర్తొస్తుంది. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పక్కకు తిరిగితే వస్తుంది. వీరభద్రాలయం మండపం పైకప్పు మీద విజయనగర కాలపు కిరాతార్జునీయం చిత్రాలున్నాయి. ఒకే పందిని అర్జునుడూ, కిరాతుడనే వేటగాడూ కొట్టిన కథ. అక్కడికి వెళ్లినప్పుడల్లా నా మనసు కిరాతుడి వైపే పోతుంది. వేటాడి బతికేవాడికి బాణం పక్కకు పోతే ఆ పూట తిండి పోయినట్టే. పుల్ల ఏరి, నిప్పు మీద కాచి వంపు తీసే దగ్గరే అతడి గురి మొదలై ఉంటుంది. బోయలూ పాలెగాళ్లూ తిరిగిన మన నేల మీద ఈ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయంటే నాకు నిజంగా బాధ.

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు తెచ్చాక మన ఊళ్లలోనూ పిల్లలు విల్లు అడుగుతున్నారు. ఆమె వాడే కాంపౌండ్ విల్లు అందరూ కొనలేరు. జాతీయ పోటీల్లో వెదురు విల్లుకు ఇండియన్ రౌండ్ ఉంది, దానితో మొదలుపెట్టొచ్చు. చిక్కబళ్లాపురం, చింతామణి పీఈటీ మాస్టర్లకు ఒక మనవి. గురి నేర్పే ముందు ఈ పొసగించడం నేర్పండి. బోడి బాణం ఎటు పోతుందో చెప్పలేం, వెనక ఎత్తైన మట్టి గట్టు లేనిదే వేయనివ్వకండి. బాణం పెట్టకుండా తాడు లాగి వదలనివ్వకండి, విల్లు పగిలిపోతుంది.