ఏ నెల గుల్ల?

మా పల్నాడులో సున్నమంటే పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన రాయి. కాకినాడ తీరంలో సున్నమంటే గుల్ల. అక్కడ బురదలోంచి ఏరిన గుల్లల్లో చాలా భాగం ఇప్పటికీ సున్నానికే పోతుంది. మాంసానికి విలువ తక్కువ. నాకు బాధ కలిగించేది అదే. మాంసకృత్తులు, ఇనుము, బి12 అంత చవగ్గా దొరికే తిండి మరెక్కడుంది?

గుల్లలు వండటం నాకు మా ఆడపడుచు నేర్పింది. శుభ్రం చేయడం కంటే ముందు ఎప్పుడు కొనాలో చెప్పింది. వానాకాలం ఆ తీరానికి వెళ్లి అడిగితే, "ఇప్పుడొద్దు వదినా, కండ దిగిపోయింది, అంతా నీరే" అంది. గుప్పెడు ఉడకబెట్టి చూపించింది కూడా. నోళ్లు తెరిచిన చిప్పల్లో కండ పల్చగా, జావకారి, ఓ మూలకు అతుక్కుని ఉంది. నిండు రోజుల్లో అదే గుల్లలో కండ మీగడ రంగులో అంచుదాకా ఉబ్బి ఉంటుంది. వేలితో నొక్కితే బిగువు తెలుస్తుంది.

కారణం గుల్ల బతుకులోనే ఉంది. నీటిలో మేత దండిగా ఉన్నన్నాళ్లూ అది గ్లైకోజన్‌ను ఒంట్లో దాచుకుంటుంది. గుడ్లు కట్టే వేళ ఆ నిల్వ ఖర్చవుతుంది, గుడ్లలోకి కొవ్వు, మాంసకృత్తులు చేరతాయి. అప్పుడే కండ నిండుగా ఉంటుంది. గుడ్లు వదిలేశాక ఒళ్లు చిక్కి, నీటి శాతం పెరుగుతుంది. దానికి తోడు గోదావరి వరద వచ్చి సముద్రపు నీటిలో ఉప్పదనం తగ్గితే గుల్ల చిప్పలు మూసుకుంటుంది. మూసుకుంటే మేత లేదు. గుడ్లు వదిలే కాలం జాతిని బట్టీ, నీటిని బట్టీ మారుతుంది కాబట్టి ఒక తీరం లెక్క ఇంకో తీరానికి పనికిరాదు. కేరళలోని అష్టముడి సరస్సులో గుడ్లు వదిలే కాలమని డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుల్లల వేట ఆపేస్తారు. 2014లో ఆ వేటకు, పద్ధతిగా సాగుతోందని, అంతర్జాతీయ మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ (ఎమ్మెస్సీ) ధ్రువీకరణ దక్కింది, మన దేశంలో అదే మొదటిది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారాల పోషక విలువలు అచ్చువేసింది. ఎంతో విలువైన పని. అయినా అలాంటి పట్టికలో ఒక ఆహారానికి ఒక సగటు అంకె చూసినప్పుడల్లా, అది ఏ నెల సరుకుది అని నా మనసు అడుగుతుంది. మిర్చి యార్డులో మొదటి కోత కాయకూ, చివరి కోత తాలుకూ ఒకే ధర కడితే మా రైతు ఊరుకుంటాడా? గుల్లల విషయంలో ఆ తేడా బురదలో నడుము వంచి ఏరే ఆడవాళ్లకు బాగా తెలుసు. పరిశోధకులు నెలనెలా నమూనాలు తీసేటప్పుడు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. కండ ఎప్పుడు నిండిందో, ఎప్పుడు దిగిందో వాళ్ల నోట విని, ఆ మాట కూడా అంకె పక్కన రాయాలి.