ఉన్నది ఉన్నట్టుగా: పాత అద్దె ఇంటి అమ్మకం

పెద్ద రిపేర్లు ఉన్న అద్దె ఇంటిని బాగుచేయించకుండా ఉన్నది ఉన్నట్టుగా అమ్మడం హైదరాబాద్ పాత కాలనీల్లో మామూలే. యజమాని పెద్దవాడై తిరగలేకపోవచ్చు. వారసులు ముగ్గురు నలుగురై, చేతి డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు రాకపోవచ్చు. వచ్చే అద్దె ఇంటి పన్నుకు, చిల్లర రిపేర్లకు సరిపోయి, శ్లాబు పని అలాగే మిగిలిపోతుంది. ఇలాంటి ఇంటికి ధర కట్టేముందు తేల్చుకోవలసింది ఒకటే: కొనేవారు ఆ ఇంటిని ఉంచుతారా, పడగొడతారా?

పడగొట్టి కట్టుకొనేవారు స్థలానికే లెక్క కడతారు. ఉదాహరణకు 200 గజాల స్థలం, గజం 60 వేలు అనుకుంటే ధర కోటీ 20 లక్షలు. ఆ ఇంటికి 15 లక్షలు పెట్టి శ్లాబు, డ్రైనేజీ బాగుచేయించినా ఇలాంటి బేరంలో ఒక్క రూపాయి తిరిగి రాదు. పాత టేకు ద్వారబంధాలకు, కిటికీలకు, ఇనుముకు విలువ ఉంటుంది కాబట్టి కూల్చే కాంట్రాక్టరుతో మాట్లాడుకుంటే కూల్చివేత ఖర్చు కొంత తగ్గుతుంది. అయితే డాక్యుమెంటులో ఉన్న గజాలన్నిటికీ ఒకే విలువ రాదు. 2012 నాటి జీవో 168 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం కొత్తగా కట్టేటప్పుడు స్థలం కొలతను బట్టి చుట్టూ ఖాళీ వదలాలి, రోడ్డు విస్తరణలో పోయే భాగాన్ని ఇచ్చేయాలి. ఇరుకు గల్లీలో ప్రహరీ దాకా కట్టిన పాత ఇంటి చోట మళ్ళీ అంత ఇల్లు లేవదు. బిల్డరు బేరం మొదలుపెట్టేదే అక్కడి నుంచి.

ఇల్లు ఉంచుకొనేవారి చూపు వేరు. వాళ్ళు మేస్త్రీని వెంటబెట్టుకొని వస్తారు. మేస్త్రీ ముందు బాత్రూము పైకప్పు, ఓవర్‌హెడ్ ట్యాంకు కింది గది చూస్తాడు. సుత్తి పిడితో శ్లాబు మీద తడుతూ పోతే గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లోపల విడిపోయినచోట డొల్ల చప్పుడు వస్తుంది. అక్కడ పెచ్చు లేపితే కడ్డీ పొరలు పొరలుగా రాలుతుంది. చెమ్మ తగిలి తుప్పుపట్టిన ఇనుము అసలు కంటే కొన్ని రెట్లు ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. అందుకే పైన సిమెంటు పూసి సున్నం వేసినా ఏడాది తిరగకుండా పెచ్చులు మళ్ళీ ఊడతాయి. ఇలాంటి కొనుగోలుదారు రిపేరుకు 15 లక్షలవుతుందని తేలితే 15 లక్షలు తగ్గించి ఊరుకోడు. పని మొదలుపెట్టాక బయటపడే ఖర్చుకు, అద్దె రాని నెలలకు కూడా కలిపి కోస్తాడు. ఒక ఇంజనీరు చేత అంచనా వేయించి కాగితం మీద పెట్టుకున్న యజమానికి ఆ కోతను తగ్గించడానికి ఆధారం దొరుకుతుంది.

ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని రాసుకున్నంత మాత్రాన తెలిసిన లోపాన్ని దాచవచ్చని కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, అమ్మేవారికి తెలిసి కొనేవారికి తెలియని ముఖ్యమైన లోపం మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిదైతే చెప్పితీరాలి. చెప్పకపోవడం మోసం కిందికి వస్తుంది. పగులు అందరికీ కనబడుతుంది. దాని మీద కొత్త రంగు వేయిస్తేనే చిక్కు. ఇల్లు శిథిలమైందని జీహెచ్‌ఎంసీ తన చట్టంలోని 456వ సెక్షను కింద నోటీసు ఇచ్చి ఉంటే దాని నకలు కొనేవారి చేతిలో పెట్టాలి.

అద్దెకున్నవారు ఇల్లు అమ్ముడుపోగానే ఖాళీ చేయనక్కరలేదు. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షను ప్రకారం కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు. నెలవారీ అద్దెకు, ఒప్పందంలోగానీ స్థానిక చట్టంలోగానీ వేరే నిబంధన లేకపోతే, 15 రోజుల నోటీసు చాలు. అప్పటికీ వెళ్ళకపోతే కోర్టుకు వెళ్ళాల్సిందే, అది ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. ఖాళీ ఇంటికీ అద్దెకున్నవారితో అమ్మే ఇంటికీ ధరలో తేడా రావడానికి కారణం ఇదే. పెచ్చులు రాలే ఇంట్లో వాళ్ళకూ ప్రమాదమే కాబట్టి, అడ్వాన్సు తిరిగిచ్చి, ఇల్లు మారే ఖర్చు కొంత భరించి సామరస్యంగా ఖాళీ చేయించుకోవడం చాలాసార్లు యజమానికే లాభం.

రిజిస్ట్రేషన్ దగ్గర మరో మెలిక ఉంది. పాడైన ఇల్లు ప్రభుత్వ విలువకన్నా తక్కువకు పోయినా స్టాంపు డ్యూటీ ప్రభుత్వ విలువ మీదే కట్టాలి. ఆ తేడా 10 శాతం దాటితే ఆదాయపు పన్ను శాఖ కూడా ఆ విలువనే అమ్మకపు ధరగా తీసుకుంటుంది. అప్పుడు యజమాని వాల్యుయేషన్ అధికారికి నివేదించమని అడగవచ్చు. ఇంజనీరు అంచనా, ఫొటోలు అక్కడా పనికొస్తాయి. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటి దీర్ఘకాలిక లాభం మీద దేశంలో నివసించే వ్యక్తులు 12.5 శాతం పన్నునో, ఇండెక్సేషన్‌తో 20 శాతాన్నో, ఏది తక్కువైతే అది ఎంచుకోవచ్చు. అమెరికాలో స్థిరపడిన వారసులకు ఈ వెసులుబాటు లేదు. వాళ్ళు అమ్మితే, 50 లక్షలు, ఆపైన విలువైన ఆస్తికి కొనేవారు మామూలుగా మినహాయించే 1 శాతం టీడీఎస్‌కు బదులు అంతకన్నా ఎక్కువ రేటు పడుతుంది.

చివరికి ఇదంతా అగ్రిమెంటులోకి రావాలి. శ్లాబు, డ్రైనేజీ, వైరింగ్ లోపాలను పేరుపేరునా రాసి, కొనేవారు చూసి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోవాలి. అద్దెకున్నవారి అడ్వాన్సు ఎవరు తిరిగివ్వాలి, ఏ నెల నుంచి అద్దె ఎవరిది, కరెంటు, నీటి బకాయిలు, ఇంటి పన్ను ఏ తేదీ వరకు ఎవరివి అన్నవి విడిగా రాయాలి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు సరిగా ఉంటే శ్లాబు కారే ఇల్లు కూడా అమ్ముడుపోతుంది. అవి లేకపోతే రంగులు వేసిన ఇంటికీ బేరం కుదరదు.