మరల వెలువడిన ‘మ్యూజిక్ ఇంక్’ రికార్డు

దొరకని వస్తువునకు గుణము తప్పక యుండునని తలంచుట సంగ్రాహకుల యలవాటు. అరుదైన రికార్డును వారు నగవలె దాచుకొని, వినుటకంటె పదుగురికి చూపుటకే యెక్కువగ వెలికి దీయుదురు. అమెరికాదేశపు ట్రంపెట్టు వాద్యకారుడు చార్లెస్ టాలివర్ 1971లో ప్రకటించిన ‘మ్యూజిక్ ఇంక్’ అను జాజ్ రికార్డునకు చాలకాలము ఈ గతియే పట్టినది. నడుమ అక్కడక్కడ పునర్ముద్రణములు వచ్చినను, తొలి ప్రతులు సామాన్యుని చేతికందునవి కావు. 2025లో మాక్ అవెన్యూ అను సంస్థ దానిని మరల వెలువరించినది.

ఆ వాద్యమెక్కడ, మనమెక్కడ యని చదువరులు విసుగుకొనవలదు. ఈ రికార్డు పుట్టిన కథ, విద్యను నమ్ముకొని బ్రదుకు ప్రతివాని కథ.

టాలివర్ 1942లో ఫ్లారిడా రాష్ట్రమున జన్మించెను. వాషింగ్టనులోని హోవర్డు విశ్వవిద్యాలయమున ఔషధశాస్త్రము చదువబోయి, దానిని విడిచి, 1964 నాటికి న్యూయార్కులో జాకీ మెక్లీన్ మేళమున వాయించుచుండెను. పిమ్మట పియానో విద్వాంసుడగు స్టాన్లీ కౌవెల్‌తో గూడి నలువురి మేళము నొకదానిని ఏర్పరచెను. 1970లో దానికి పెద్ద వాద్యబృందమును జోడించి ఈ రికార్డును సిద్ధపరచి, కంపెనీల కడకు గొనిపోగా ఎవ్వరును ముందునకు రాలేదు. అంతట నిరువురును స్ట్రాటా-ఈస్ట్ అను సొంత సంస్థను స్థాపించి దీనినే తొలుత వెలువరించిరి.

ఆనాటి వాడుక యేమన, కంపెనీ వాద్యకారునకు కొంత సొమ్మిచ్చి మూల ధ్వనిముద్రణమును తనదిగ జేసికొనును; తరువాతి లెక్కలన్నియు దాని చేతిలోనివి. నల్లజాతి విద్వాంసులు దీనివలన ఎంత నష్టపడిరో వేరుగ జెప్పనక్కరలేదు. స్ట్రాటా-ఈస్ట్ నిబంధన దీనికి తలక్రిందు. ఖర్చు వాద్యకారుడే పెట్టుకొనును. ముద్రణము నతనిదే, రాబడిలో నధికభాగము నతనిదే. సంస్థ అచ్చొత్తించి అంగళ్లకు పంపును. ఈ పద్ధతిని ఏబదికి పైగా రికార్డులు వచ్చినవి. చేతిలో సొమ్ము లేని విద్వాంసునకు ఈ స్వాతంత్ర్యము భారమే యని మాత్రము ఒప్పుకొనవలయును.

ఇక సంగీతము. రచనలు ఆరు: మూడు టాలివర్‌వి, మూడు కౌవెల్‌వి. జాజ్‌లో వ్రాసికొన్న వరుసకంటె అప్పటికప్పుడు అల్లుకొను మనోధర్మమునకే పెద్దపీట. మేళము పెరిగినకొలది వ్రాత హెచ్చి మనోధర్మమునకు చోటు తగ్గును. ఇచట జిమ్మీ హీత్, కర్టిస్ ఫుల్లర్ వంటి ఉద్దండులు బృందమునందున్నను, వారు చుట్టును నిలిచి నడుమ నలువురకును విశాలమైన ముంగిలి విడిచిరి. టాలివర్ నాదము నిగనిగలాడు కత్తియంచు. మెప్పుకొరకు స్వరమును సాగదీయడు. సెసిల్ మెక్‌బీ బాసు వాద్యము మేళమునకంతకు నేలవలె నున్నది. కొన్నియెడల ఇత్తడి బూరల యుద్ధతి పియానోను కప్పివేసినది. కౌవెల్ వేళ్ల పనితనము తెలిసినవారికి అది కొరతయే.

వేలమున వేలకొలది యిచ్చి కొన్న పాత ప్రతివలన వాయించినవానికి దమ్మిడీ రాదు. లాభము చేతులు మారినవారిది. కావున ఈ పునర్ముద్రణము సంగ్రాహకునకు కంటగింపైనను నాకు సంతోషమే. కౌవెల్ 2020లో గతించెను, దీనిని చూడలేదు.

కొత్తగ వినువారు మొదటినుండి గాక, రెండవవైపుననున్న ‘ఆన్ ది నైల్’తో ఆరంభించుట మేలు. అది నిదానముగ వినవలసినది; పని చేసికొనుచు వినునది కాదు.