ఆటల కంప్యూటరునకు భాగముల యెన్నిక

సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి, ఆటలాడుటకు తగిన అసెంబుల్డ్ కంప్యూటరు కావలెనన్న యువకుని దుకాణదారుడు మొట్టమొదట అడుగునది బడ్జెట్ ఎంతయని. అది న్యాయమైన ప్రశ్నయే. అయినను అంతకు పూర్వమే కొనువాడు తనలో తాను తేల్చుకొనవలసిన విషయమొకటి కలదు: ఏ మానిటరుపై, ఏ తరహా ఆటలను, సెకనుకు ఎన్ని ఫ్రేములతో ఆడదలచినాడు? 1920 × 1080 మానిటరుపై ఒక్కొక్క ఫ్రేమునందు చిత్రింపవలసిన బిందువులు సుమారు 20.7 లక్షలు, 2560 × 1440 నందు 36.9 లక్షలు, 4కె తెరపై 83 లక్షలు. గ్రాఫిక్స్ కార్డుపై పడు భారము ఈ సంఖ్యలతోపాటు పెరుగును. ప్రాసెసరు పని మాత్రము తెర సూక్ష్మమైనంత మాత్రమున అంతగా హెచ్చదు. కావున మానిటరు నిశ్చయమైన పిదపనే తక్కిన భాగముల ఆలోచన సార్థకమగును.

వేర్వేరు దేశములలో, ఒకదానితో నొకటికి సంబంధము లేని కర్మాగారములందు తయారైన వస్తువులు మన బల్లపైకి వచ్చి ఒక్క యంత్రముగా కూడుకొనుట ఎంతటి అద్భుతమో అలవాటు వలన మనము మరచితిమి. 1981లో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినపుడు, సర్క్యూట్ చిత్రములతో సహా దాని సాంకేతిక వివరములను గ్రంథరూపమున ప్రకటించి, ఇతరులు చేసిన కార్డులను గూడ చొప్పించుటకు స్లాట్లను తెరచియుంచినది. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణము మదర్‌బోర్డు కొలతలను, మరల రంధ్రముల స్థానములను, విద్యుత్ కనెక్టరు రూపమును నిర్ణయించినది. 305 × 244 మిల్లీమీటర్ల బోర్డు ఎవరు చేసినదైనను, ఎవరి ఏటీఎక్స్ క్యాబినెట్‌లోనైనను అవే రంధ్రములకు ఎదురుగా వచ్చి నిలుచుట ఆ నిర్ణయఫలమే. స్వయముగా కంప్యూటరు కూర్చుకొనువాని స్వాతంత్ర్యమంతయు ఈ బహిరంగ ప్రమాణములపై ఆధారపడియున్నది. అయితే ప్రమాణములు ఆకారములను కలుపగలవే గాని ఔచిత్యమును నిర్ణయింపజాలవు. ఆ పని కొనువానిదే.

పొందికలన్నిటిలో కఠినమైనది ప్రాసెసరునకును మదర్‌బోర్డునకును గల సంబంధము. ఇంటెల్ వారి పన్నెండు, పదుమూడు, పదునాలుగవ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో కూర్చుండును. ఏఎండీ రైజెన్ 7000 వరుస ఏఎం5 సాకెట్‌నే కోరును. సాకెట్ కలిసినంతనే పని తీరదు. బోర్డు మీది చిప్‌సెట్టును, బయాస్‌లోని ప్రోగ్రామును గూడ ఆ ప్రాసెసరును గుర్తింపవలెను. 2018 నాటి బీ450 బోర్డులో 2020 చివర వచ్చిన రైజెన్ 5 5600ఎక్స్‌ను అమర్చి చూడుడు: పిన్నులు సరిపోవును, లివరు దిగును, ఫ్యాన్లు తిరుగును, బయాస్ పాతదైనచో తెరపై మాత్రము ఏమియు రాదు. భాగము చెడిపోయినదని తలచి దుకాణమునకు పరుగెత్తువారు పలువురు. అట్టి సమయమున కొన్ని బోర్డుల వెనుకనుండు ఫ్లాష్‌బ్యాక్ బటను మహోపకారి. ప్రాసెసరు లేకున్నను, పెన్‌డ్రైవ్‌లో నుంచిన క్రొత్త బయాస్‌ను అది బోర్డునకు ఎక్కించును. ప్రతి బోర్డునకును తయారీదారు సీపీయూ సపోర్ట్ పట్టిక నొకదానిని ప్రకటించును. ఏ ప్రాసెసరునకు ఏ బయాస్ వెర్షన్ కావలెనో అందుండును. కొనుటకు ముందు చదువదగిన పత్రములలో, నా మతమున, దానికి మించినది లేదు. ఈ శ్రద్ధకు ప్రతిఫలమును గొప్పదే. 2017లో ఏఎం4 బోర్డు కొన్నవారనేకులు, బయాస్ మార్చుకొని, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని ఆ బోర్డులోనే నిలుపుకొనగలిగిరి. ఐదేండ్ల యంత్రమును పారవేయక, ఒక్క భాగముతో దానికి నవయౌవన మొసగుట ఎంతటి భాగ్యము!

ర్యామ్ విషయమున కొంత రక్షణ నిర్మాణములోనే యున్నది. డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్కులు రెండింటికిని 288 పిన్నులే. కాని అంచునగల గాటు స్థానము వేరగుటచే ఒకదాని స్లాటులో మరొకటి దిగదు. దిగకున్నచో బలముతో నొక్కరాదు. ఎల్‌జీఏ 1700 బోర్డులు కొన్ని డీడీఆర్4కును, కొన్ని డీడీఆర్5కును చేయబడినవి గాన, ప్రాసెసరు పేరొక్కటి చూచి ర్యామ్ కొనువారు ఇచ్చటనే పొరబడుదురు. 32 జీబీ కావలెనన్న ఒక్క స్టిక్కు కంటె 16 జీబీ స్టిక్కులు రెండు మేలు. నాలుగు స్లాట్ల బోర్డులలో వానిని సాధారణముగా ప్రాసెసరు ప్రక్కనుండి లెక్కించి రెండవ, నాల్గవ స్లాట్లలో నుంచవలెను.

ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డుల జోడింపు ఏ పట్టికలోను దొరకునది కాదు. అది వివేకమునకు సంబంధించినది. జోడుగాని ఎద్దులను ఒక్క కాడికి కట్టినచో బలమైనది బలహీనమైనదాని నడకనే నడువవలసివచ్చును. 1440 మానిటరుపై కథాప్రధానమైన ఆటలు ఆడువానికి రైజెన్ 5 7600, ఆర్‌టీఎక్స్ 4070ల జత సముచితముగా తోచును. పోటీ ఆటలలో సెకనుకు 240 ఫ్రేములు కోరువాడు ప్రాసెసరుపై నింకను వెచ్చింపవలెను.

ఇక భాగములన్నిటికిని విద్యుత్తు నందించు ఎస్‌ఎంపీఎస్. తరచుగా మిగిలిన డబ్బుతో కొనబడు భాగమిది. అదియే నాకు బాధాకరము. ఏలయన ఇది చెడినపుడు తానొక్కటియే చెడక తక్కిన భాగములను గూడ హరింపగలదు. లెక్క కష్టమైనది కాదు. ఆర్‌టీఎక్స్ 4070కు 200 వాట్లు, రైజెన్ 5 7600కు నిండుభారమున సుమారు 90 వాట్లు, బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిసి మరియొక 60 వాట్లు అనుకొన్నను మొత్తము 350. అయినను ఎన్విడియా ఆ కార్డునకు 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను సూచించుట నిష్కారణము కాదు. కార్డులు సెకనులో స్వల్పాంశము పాటు తమ సగటును బాగుగా మించిన విద్యుత్తును లాగును. స్లాటునుండి 75 వాట్లు, ఎనిమిది పిన్నుల కనెక్టరు ఒక్కొక్కదానినుండి 150 వాట్లు ప్రమాణసమ్మతములు. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కొన్నవారు మరియొక సంగతి నెరుగవలెను. కేబుల్ యొక్క కార్డు వైపు కొస ప్రమాణబద్ధము; ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు అట్టి ప్రమాణము లేదు. పాత యూనిట్ కేబుల్ క్రొత్త యూనిట్‌లో సునాయాసముగా దూరవచ్చును; కాని 5 వోల్టులు పోవలసిన తీగలో 12 వోల్టులు ప్రవహించినచో హార్డ్‌డిస్కు క్షణములో కాలిపోవును. యూనిట్ మారినపుడు కేబుళ్ళన్నియు మారవలసినదే.

క్యాబినెట్ విషయమున కొలబద్దయే గురువు. మూడు ఫ్యాన్ల కార్డులు పెక్కింటి పొడవు 300 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. పెద్ద టవర్ కూలర్లు 155 నుండి 165 మిల్లీమీటర్ల ఎత్తుండును. మన వేసవికి ముందుభాగమున గాజు పలక కంటె జాలిగల క్యాబినెట్ శ్రేయస్కరము. బోర్డును ఎత్తి నిలుపు ఇత్తడి స్టాండాఫ్, బోర్డున రంధ్రము లేనిచోట ఒక్కటి మిగిలినను, బోర్డు వెనుకభాగమునకు తగిలి షార్ట్ కావచ్చును.

అన్నియు కూర్చి తొలిసారి స్విచ్ వేసినపుడు, ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌తో సర్దుకొనుటకై కొన్ని నిమిషములు తెరపై ఏమియు చూపకుండవచ్చును. భయపడి కరెంటు తీయరాదు. మానిటరు కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకే తగిలింపవలెను గాని మదర్‌బోర్డునకు గాదు. తరువాత బయాస్‌లో, ర్యామ్‌ను దాని ప్రకటిత వేగమున నడుపు ఎక్స్‌పో అను అమరికను ఆన్ చేయవలెను. లేనిచో 6000 వేగమునకు వెల యిచ్చి కొన్న ర్యామ్ 4800 వద్దనే నడచును. ఆ మార్పుతో యంత్రము తడబడినచో, బోర్డు తయారీదారు ప్రకటించిన ర్యామ్ పట్టికలో ఆ స్టిక్కుల మోడల్ ఉన్నదో లేదో చూచి, 5600 వద్ద నడిపి పరీక్షింపవలెను.