మురుగునీటి మీద నిలబడిన బతుకులు: తూర్పు కోల్‌కతా భేడీల విద్య

తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు నగరం తూర్పు అంచున 12,500 హెక్టార్లలో పరుచుకుని ఉన్నాయి. అందులో సగానికి కాస్త తక్కువ చేపల చెరువులు, మిగిలిన దానిలో ఎక్కువ భాగం వరి పొలాలు, కూరగాయల మళ్లు. చుట్టూ మట్టిగట్టు వేసిన ఈ లోతులేని చెరువులను అక్కడివారు భేడీలంటారు. చిన్నా పెద్దా కలిపి సుమారు 250 ఉన్నాయి. వీటిలోకి వచ్చేది నగరం వదిలేసిన మురుగునీరు. బయటికి వెళ్లేది పొలానికి పనికొచ్చే నీరు, మధ్యలో దొరికేది చేప. నమ్ముకున్న నది పూడిపోయి జీవనాధారం పోగొట్టుకున్న జాలర్లు, కూలీలు ఇంకెవరికీ అక్కర్లేని నీటిని ఆధారం చేసుకుని కట్టుకున్న జీవిక ఇది. దీని వెనక ఉన్నది పేదరికాన్ని ఓర్చుకునే గుణం మాత్రమే కాదు, తరాలుగా పదును పెట్టిన విద్య.

నది పూడిపోయాక

కోల్‌కతాకు పడమట హుగ్లీ నది ఉన్నా నేల వాలు మాత్రం తూర్పుకే. అందుకే బ్రిటిష్ కాలం నుంచి నగర మురుగు కాలువలన్నీ తూర్పున ఉన్న ఉప్పునీటి బీళ్ల వైపు సాగాయి. ఆ బీళ్లకు ప్రాణం విద్యాధరి నది. సముద్రపు పోటుతో అందులోకి ఉప్పునీరు ఎక్కేది, ఆ నీటితోపాటు పండుగప్ప, రొయ్య వచ్చేవి. వాటిని పట్టుకుని వందలాది కుటుంబాలు బతికేవి.

పోటునీరు పరుచుకునే పల్లపు నేలలను ఒక్కొక్కటిగా కట్టడి చేయడంతో, కాలువలు తవ్వడంతో నది వేగం తగ్గింది. ఒండ్రు పేరుకుంది. 1928 నాటికి విద్యాధరిని మృతనదిగా ప్రకటించారు. ఉప్పునీరు రావడం ఆగింది, దానితో వచ్చే చేపా ఆగింది. ఉప్పు పట్టిన నేలలో వెంటనే పంట వేసే వీలూ లేదు. జాలరి ఒట్టి వలతో మిగిలాడు.

1929 ప్రాంతంలో బిధుభూషణ్ సర్కార్ అనే భూస్వామి తన చెరువులోకి మురుగు కాలువ నీటిని మళ్లించి చేపలు పెంచాడు. పెంపకం కుదిరింది. చుట్టుపక్కల చెరువులవారు అదే దారి పట్టారు. ఎంత నీరు వదలాలి, ఎప్పుడు ఆపాలి, ఏ చేప తట్టుకుంటుంది అనేవి ఏ పుస్తకంలోనూ లేవు. చెరువులో దిగి పనిచేసినవారే తప్పులూ ఒప్పులూ చూసుకుంటూ వాటిని తేల్చారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన నిరాశ్రయుల్లోనూ కొందరికి ఈ చెరువులు, ఈ మళ్లు పని చూపించాయి.

మురుగుకు దారి

ఈ పద్ధతికి వెన్నెముక కాలువల అమరిక. కలకత్తా కార్పొరేషన్ ఇంజినీరు డాక్టర్ బి.ఎన్. డే రూపకల్పనలో నగర మురుగును, వాననీటిని తూర్పున ఉన్న కుల్టీ నదికి చేర్చే రెండు పెద్ద కాలువలు 1940ల తొలినాళ్లలో సిద్ధమయ్యాయి. ఒకటి రోజువారీ మురుగుకు, రెండోది వానాకాలపు వరదకు. దారిలో బంతలా దగ్గర లాకులున్నాయి. అక్కడ గేట్లు దించితే కాలువలో నీటిమట్టం పెరుగుతుంది. ఆ ఎత్తు వల్ల పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలకు, అక్కడి నుంచి భేడీలకు చాలావరకు మోటార్ల అవసరం లేకుండా నీరు పల్లానికి పారుతుంది. నగర పారుదలకు గేట్లు ఎత్తి ఉంచాలి, చేపలకు దించి ఉంచాలి. ఈ రెండు అవసరాల మధ్య సర్దుబాటు మీదే ఇక్కడి జీవనం నడుస్తుంది.

చెరువును సిద్ధం చేయడం

పెంపకం చెరువును ఎండగట్టడంతో మొదలవుతుంది. చలికాలంలో నీటిని తోడేసి అడుగును ఎండకు వదిలేస్తారు. అడుగున పేరుకున్న పూడిక తీసి గట్ల మీద వేస్తారు. దానివల్ల చెరువు లోతు నిలుస్తుంది, గట్టు బలపడుతుంది. ఎండిన నేలను దున్ని సున్నం చల్లుతారు. ఎండ, సున్నం కలిసి రోగకారకాలను తగ్గిస్తాయి, మట్టి పులుపును విరుస్తాయి. పిల్లచేపలను మింగే కొరమీను, మట్టగిడస వంటివి మిగిలిపోతే ఇప్పచెక్క వేసి తొలగిస్తారు. ఇప్పచెక్క విషం కొద్ది రోజుల్లో విరిగి, ఆ తర్వాత ఎరువుగా మారుతుంది.

తర్వాత మురుగునీటిని లోపలికి వదులుతారు. తూముకు వెదురు తడికలు అడ్డంగా కడతారు. చెత్తా, అక్కర్లేని చేపలూ అక్కడే ఆగిపోతాయి. నిండిన చెరువును రెండు మూడు వారాలు కదపకుండా ఉంచుతారు. మొదట నల్లగా, వాసనతో ఉన్న నీరు మెల్లగా పచ్చబడుతుంది. మధ్యమధ్యలో వలలు లాగి, అడుగు కలియబెట్టి గాలి తగిలేలా చేస్తారు. నీరు పచ్చగా తేలాక కొన్ని చేపలను వదిలి చూస్తారు. అవి బతికితేనే అసలు పిల్లలను వదులుతారు.

ఎండ చేసే శుద్ధి

ఈ మార్పు వెనక ఉన్నది సూక్ష్మజీవులకూ నాచుకూ మధ్య సాగే ఇచ్చిపుచ్చుకోలు. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా విడగొడుతుంది. అందులోంచి వెలువడే కార్బన్ డయాక్సైడును, నత్రజనిని, భాస్వరాన్ని కంటికి కనపడని నాచు వాడుకుని ఎండలో పెరుగుతుంది. నాచు వదిలే ప్రాణవాయువుతో బాక్టీరియా మళ్లీ పనిచేస్తుంది. నాచు మితిమీరితే నీరు చెడుతుంది. దాన్ని తిని అదుపులో ఉంచేది చేప.

భేడీలను లోతుగా తవ్వకపోవడానికి కారణం ఇదే. సాధారణంగా ఒకటి, ఒకటిన్నర మీటరుకు మించని నీటిలో ఎండ దాదాపు అడుగు దాకా చేరుతుంది. ఈ నీటిలో సేంద్రియ మలినభారం 80 శాతానికి పైగా, పేగు సంబంధ బాక్టీరియా 99 శాతానికి పైగా తగ్గుతాయని పరిశీలనల్లో తేలింది. కరెంటుతో నడిచే శుద్ధి కేంద్రం చేయవలసిన పనిని ఇక్కడ ఎండ, నాచు, చేప, మనిషి శ్రమ కలిసి చేస్తున్నాయి.

గట్ల వెంట వరసగా పెంచే గుర్రపుడెక్కకూ ఇక్కడ పని ఉంది. ఇతర చోట్ల చెరువులకు పీడగా చూసే ఈ మొక్క అలల తాకిడికి గట్టు కోసుకుపోకుండా కాస్తుంది. ఎండ ముదిరినప్పుడు చేపకు నీడనిస్తుంది. వేళ్లతో భారలోహాలను కొంత పీల్చుకుంటుంది. చెరువంతా అల్లుకోకుండా వెదురు కట్టి దాన్ని అంచుకే పరిమితం చేస్తారు.

నీటిని చదవడం

చేపపిల్లలను వదిలాక మురుగునీటిని కొద్దికొద్దిగా, నెలలో కొన్నిసార్లు మాత్రమే చేరుస్తారు. విద్య అంతా ఆ మోతాదులో ఉంది. ఎక్కువైతే రాత్రిపూట ప్రాణవాయువు అయిపోయి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. తక్కువైతే మేత చాలక చేప ఎదగదు. అనుభవజ్ఞుడు నీటి రంగు, వాసన, చేప కదలిక చూసి తూము తెరవాలో మూయాలో నిర్ణయిస్తాడు. మబ్బు పట్టిన రోజుల్లో నాచు మందగిస్తుంది కాబట్టి మురుగు ఆపేస్తారు. చేపలు తేలడం మొదలైతే వల లాగి, నీటిని చిలికి గాలి పట్టిస్తారు.

చేపల ఎంపికలోనూ ఇదే లెక్క. బొచ్చె పైపొరలో, శీలావతి మధ్యపొరలో, మోసు అడుగున మేస్తాయి. వెండిచేప నాచును వడగట్టి తింటుంది. బంగారుతీగ అడుగు మట్టిని కెలుకుతుంది. తిలాపియా కష్టమైన నీటినీ తట్టుకుంటుంది. ఒకే చెరువులో వీటిని కలిపి పెంచడం వల్ల ఏ పొరలోని మేతా వృథా కాదు. కోస్తా ఆంధ్ర రైతు కొల్లేటి చుట్టూ పెంచేవీ చాలావరకు ఇవే జాతులు. అక్కడ తవుడు, చెక్క కొని వేయాలి. ఇక్కడ మేతలో పెద్ద భాగం మురుగుతో వస్తుంది. చేతిలో పెట్టుబడి లేనివాడికి ఈ తేడాయే ఊతం.

పట్టడం, అమ్మడం

భేడీలో ఏడాదికొక్కసారి కాకుండా విడతలు విడతలుగా పట్టి, మళ్లీ పిల్లలను వదులుతుంటారు. పట్టుబడి తరచుగా ఉండటంతో కూలి కూడా క్రమంగా అందుతుంది. అప్పు చేసి ఏడాదంతా ఎదురుచూడవలసిన దుస్థితి తప్పుతుంది. తెల్లవారకముందే వలలు దించి, పట్టిన చేపను నీళ్లున్న అల్యూమినియం హండీల్లో బతికుండగానే దగ్గరి వేలం మార్కెట్లకు చేరుస్తారు. దారి పొడవునా చేత్తో నీటిని తడుతూ గాలి ఆడేలా చూస్తారు. ఆంధ్రా నుంచి ఐసు పెట్టెల్లో కోల్‌కతాకు వెళ్లే చేప ఒకవైపు, నగరం అంచున పుట్టి ప్రాణంతో వచ్చే ఈ చేప మరోవైపు. రెండింటికీ అక్కడ గిరాకీ ఉంది. భేడీల నుంచి ఏటా 10 వేల టన్నులకు పైగా చేప వస్తుంది. చిన్న సైజు చేప కూడా అమ్ముడుపోవడంతో పేద ఇళ్లకు చవకగా మాంసకృత్తులు అందుతున్నాయి.

పని ఒక్క వలతో తీరదు. గట్టు పోసేవారు, రాత్రి కాపలా కాసేవారు, గుర్రపుడెక్క సర్దేవారు, వలలు అల్లేవారు, మోసేవారు, వేలం పాడేవారు అందరూ కలిస్తేనే భేడీ నడుస్తుంది.

ధాపా మళ్లు

చేపల చెరువులకు పడమట ధాపాలో 1880 ప్రాంతం నుంచి నగర చెత్త మీద కూరగాయలు పండిస్తున్నారు. భవనాథ్ సేన్ అనే ఆయన కార్పొరేషన్ నుంచి ఈ భూమిని కౌలుకు తీసుకుని సాగు మొదలుపెట్టాడు. కుళ్లి మట్టిగా మారిన చెత్త దిబ్బలు, పొడవాటి నీటి గుంటలు ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా మళ్లు వేస్తారు. గుంటల్లో మురుగునీటిని నిలిపి తేర్చి, రెండు చేతులా డబ్బాలు పట్టుకుని మొక్కలకు చిలకరిస్తారు. కాలీఫ్లవర్, పాలకూర, తోటకూర, ముల్లంగి, వంకాయ, మొక్కజొన్న ఋతువును బట్టి మారుతుంటాయి. ఈ చిత్తడి నేలల నుంచి రోజుకు సుమారు 150 టన్నుల కూరగాయలు నగరానికి చేరుతాయని అంచనా. భేడీల నుంచి వదిలిన తేటనీరు ఇంకా తూర్పున వరి పొలాలకు పారుతుంది. నగరం పారేసినదే చేపగా, కూరగా, బియ్యంగా మళ్లీ నగరానికి వస్తుంది. హైదరాబాదు దిగువన మూసీ నీటితో పశుగ్రాసం, వరి పండించే రైతులదీ ఇలాంటి తెగువే. కానీ అక్కడ మురుగు పొలానికి చేరే ముందు దాన్ని తేర్చే చెరువుల వరస ఇంత విస్తృతంగా ఏర్పడలేదు.

ముదియాలీ సంఘం

సొంత భూమి లేనివారు కలిసి నిలబడితే ఏమవుతుందో నగరానికి నైరుతిన, గార్డెన్ రీచ్ దగ్గరి ముదియాలీ మత్స్యకార సహకార సంఘం చూపింది. 1960లలో రూపుదిద్దుకున్న ఈ సంఘం పోర్టు ట్రస్టుకు చెందిన సుమారు 80 హెక్టార్ల చిత్తడి బీడును కౌలుకు తీసుకుంది. అక్కడికి వచ్చేది ఇళ్ల మురుగు ఒక్కటే కాదు, ఫ్యాక్టరీల వ్యర్థజలం కూడా. అందుకే సంఘం నీటిని నేరుగా చేపల్లోకి వదలదు. మొదట సున్నం కలుపుతారు. గుర్రపుడెక్క పెంచిన తొలి గుంటల్లో నిలిపి నూనెను, లోహాలను పట్టిస్తారు. తర్వాత వరసగా ఉన్న చెరువుల గుండా నడిపిస్తారు. గట్టి చేపలు ముందు, సున్నితమైనవి తర్వాత. చివరికి తేటపడిన నీరు కాలువ గుండా హుగ్లీకి చేరుతుంది.

గట్ల మీద చెట్లు పెంచారు. పక్షులు వచ్చాయి. ఆ చోటు ప్రకృతి పార్కుగా మారి సందర్శకుల టికెట్లతో రెండో ఆదాయం తెచ్చింది. సభ్యులే పనివాళ్లు, సభ్యులే యజమానులు. తూర్పు భేడీలలోనూ యజమానులు వదిలేసిన కొన్నింటిని కూలీలే సహకార పద్ధతిన నడుపుతున్నారు.

గుర్తింపు, రక్షణ

ఈ విద్య విలువను నగరానికి చెప్పినవాడు ప్రభుత్వ పారిశుద్ధ్య ఇంజినీరు ధ్రువజ్యోతి ఘోష్ (1947–2018). నగర మురుగు ఎక్కడికి పోతోందో తెలుసుకునేందుకు 1980ల ఆరంభంలో కాలువల వెంట నడిచి భేడీలకు చేరుకున్నాడు. జాలర్ల దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు, పటాలు గీశాడు, నివేదికలు రాశాడు. 1990లో ఐక్యరాజ్యసమితి గ్లోబల్ 500 పురస్కారం ఆయనకు దక్కింది. అంతకుముందు 1960లలో ఇదే చిత్తడి నేలల్లో కొంత భాగాన్ని హుగ్లీ ఇసుకతో పూడ్చి సాల్ట్ లేక్ నగరం కట్టారు. మిగిలినదైనా నిలవాలని స్వచ్ఛంద సంస్థ ‘పబ్లిక్’ హైకోర్టుకు వెళ్లగా, 1992లో జస్టిస్ ఉమేశ్ చంద్ర బెనర్జీ చిత్తడి నేలల పక్షాన తీర్పు ఇచ్చారు. 2002 ఆగస్టు 19న ఈ ప్రాంతం అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. మన కొల్లేరు చేరిందీ అదే రోజున. 2006లో పశ్చిమ బెంగాల్ దీనికి ప్రత్యేక చట్టం చేసి నిర్వహణ సంస్థను ఏర్పరచింది.

కొల్లేటి సమస్యకు ఇక్కడి సమస్య పూర్తిగా విరుద్ధం. కొల్లేరులో చేపల చెరువులు సరస్సును ఆక్రమించాయి. అందుకే 2006లో సరస్సుకు హద్దుగా గీసిన అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లను కొట్టేశారు. కోల్‌కతాలో చేపల చెరువే చిత్తడి నేలకు కాపలా. చెరువు మూతపడిన చోటే ముందు మట్టి పడుతుంది, తర్వాత ఇల్లు లేస్తుంది.

నిలవాలంటే

ఇప్పటి ప్రమాదాలు స్పష్టమైనవే. కాలువలు పూడి చివరి భేడీలకు మురుగు చాలినంత అందడం లేదు. తోళ్ల పరిశ్రమ నుంచి వచ్చే క్రోమియం వంటి లోహాలను ఇంటి మురుగుతో కలవనిస్తే చేప మీద నమ్మకం పోతుంది. ఫ్యాక్టరీ నీటిని మూలంలోనే వేరు చేసి శుద్ధి చేయడం, అమ్మే చేపనూ కూరనూ క్రమం తప్పకుండా పరీక్షించడం తప్పనిసరి. స్థలాల ధరలు పెరిగేకొద్దీ కౌలుదారు భరోసా తగ్గుతోంది. కూలి చాలక యువకులు నగరంలో వేరే పనులకు వెళుతున్నారు.

సొంత కాళ్ల మీద నిలబడటమంటే ఒంటరిగా నిలబడటం కాదని భేడీలు నిరూపించాయి. ఇక్కడి మనిషి తన నైపుణ్యంతో, ఒళ్లు వంచి కోలుకున్నాడు. కానీ ఆ నైపుణ్యం పనిచేయడానికి పారే కాలువ కావాలి, పూడిక తీసిన చెరువు కావాలి, రేపు ఖాళీ చేయమనరన్న హామీ కావాలి. ఈ మూడింటినీ ఇవ్వగలిగినది నగరమే. తన మురుగును శుభ్రం చేసి, తన పళ్లెంలో తిండి పెడుతున్నవారికి నగరం బాకీ పడింది కూడా వీటినే.