'మాత్రమే' అనే మాట, పునీతుల వేడికోలు: లూథర్ 1530 లేఖలోని రెండు కొలతలు

వ్యాససంగ్రహం: మార్టిన్ లూథర్ 1530లో రాసిన అనువాద లేఖను అనువాద సిద్ధాంతానికి మూలరచనగా చదవడం పరిపాటి. ఆ లేఖ శీర్షికలోనే పునీతుల మధ్యవర్తిత్వం అనే రెండో అంశం కూడా ఉంది. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. రెండు భాగాలనూ కలిపి చదివితే మూలగ్రంథం మౌనంగా ఉన్నచోట లూథర్ ఒకసారి ఒక కొలత, మరొకసారి వేరొక కొలత వాడినట్లు కనిపిస్తుంది. కథోలిక, ప్రొటెస్టెంట్ వివాదంలోని అసలు ముడి అక్కడే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లూథర్, అనువాదం, అధ్యాహారం, లేఖనం, సంప్రదాయం, పునీతులు, ట్రెంట్ మహాసభ.

సందర్భం

1530 వేసవిలో చక్రవర్తి ఐదవ చార్లెస్ సమక్షంలో ఆగ్స్‌బర్గ్‌లో సామ్రాజ్యసభ జరిగింది. 1521 నుంచి రాజశాసనం ప్రకారం బహిష్కృతుడైన లూథర్ ఆ సభకు వెళ్లే వీలు లేక కోబర్గ్ కోటలో ఉండిపోయాడు. మెలాంక్‌థన్ సిద్ధం చేసిన విశ్వాస ప్రకటనను జూన్ 25న సభలో చదివారు. పునీతులను స్మరించవచ్చు గాని వారిని వేడుకోవాలని లేఖనం బోధించలేదని దాని 21వ అధికరణం చెప్పింది. కథోలిక వేదాంతులు ఆగస్టు 3న ఖండన వినిపించారు. ఈ వాదోపవాదాల మధ్య, సెప్టెంబరు 8 తేదీతో లూథర్ ఒక లేఖ రాసి, అచ్చు వేయించమని న్యూరెంబర్గ్‌లోని మిత్రుడు లింక్‌కు పంపాడు. సెప్టెంబరు 8 మరియమాత జన్మదినోత్సవం. ఇది కేవలం యాదృచ్ఛికం కావచ్చు. అయితే మరియను ఏ మాటతో పిలవాలన్న చర్చ ఆ లేఖలో ఉండటం గమనార్హం.

నాలుగక్షరాల తగాదా

రోమా పత్రిక 3:28లో మనిషి ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసంవల్ల నీతిమంతుడవుతాడని పౌలు అంటాడు. 1522 నాటి జర్మన్ అనువాదంలో లూథర్ అక్కడ 'మాత్రమే' అనే అర్థం ఇచ్చే మాటను చేర్చాడు. ఆ మాట గ్రీకు మూలంలో లేదు, లాటిన్ బైబిలులోనూ లేదు. లూథర్ దాన్ని దాచలేదు. లాటిన్‌లో ఆ నాలుగక్షరాలు లేవని తనకూ తెలుసని, వాటిని కొత్త గుమ్మాన్ని చూసిన ఆవుల్లా గుడ్లప్పగించి చూస్తున్నారని ప్రత్యర్థులను ఎద్దేవా చేశాడు. వారిని గాడిదలతో పోల్చాడు. తన ఇష్టమే కారణమని జువెనాల్ వ్యంగ్యకావ్యంలోని పాదాన్ని కూడా వాడుకున్నాడు. మన శతకకవుల అధిక్షేపానికి అలవాటుపడిన పాఠకులకు ఈ ధోరణి వింత కాదు. ఆ అధిక్షేపం తర్వాత వచ్చే కారణాలను వదిలేసి, ఆ ఒక్క వాక్యంతోనే లూథర్‌ను అహంకారిగా తేల్చడం విమర్శ అనిపించుకోదు.

ఆ కారణాల్లో మొదటిది భాష. రెండింటిలో ఒకదాన్ని ఒప్పుకొని మరొకదాన్ని కాదన్నప్పుడు జర్మన్ పలుకుబడి 'మాత్రమే'ను కోరుతుందని అతని వాదన. రైతు ధాన్యం మాత్రమే తెచ్చాడు, డబ్బు తేలేదు అనడం అతడిచ్చిన ఉదాహరణ. అనువాదకుడు లాటిన్ అక్షరాలను కాక ఇంట్లో తల్లిని, వీధిలో పిల్లలను, సంతలో సామాన్యుణ్ణి అడగాలన్న ప్రసిద్ధమైన మాట ఈ సందర్భంలోదే. మన శాస్త్ర పరిభాషలో దీన్ని అధ్యాహారం అనవచ్చు. వాక్యం పూర్తి కావడానికి ఆకాంక్షితమైన పదాన్ని బయటినుంచి తెచ్చుకోవడం దోషం కాదు.

తెలుగులో ఈ తగాదా రూపమే వేరు. ప్రొటెస్టెంట్ సంఘాలు చిరకాలంగా చదువుతున్న తెలుగు బైబిలులో ఈ వచనంలో 'విశ్వాసమువలననే' అని ఉంది. జర్మన్‌లో ఒక ప్రత్యేక పదం చేసిన పనిని ఇక్కడ అవధారణార్థకమైన ఏకారం ఒక్క అచ్చుతో చేసేసింది. లూథర్ తెలుగులో రాసి ఉంటే ప్రత్యర్థులు వేలు పెట్టి చూపడానికి విడి పదం దొరికేది కాదు. చేర్పు మాత్రం చేర్పుగానే ఉండేది.

అయితే లూథర్ వాదన భాష దగ్గర ఆగలేదు. పౌలు ఉద్దేశమే ఆ మాటను కోరుతున్నదని అతడు స్పష్టంగా చెప్పాడు. 'విశ్వాసం మాత్రమే' అన్నవారిలో తాను మొదటివాణ్ణి కాననీ, అంబ్రోజ్, అగస్టిన్ వంటివారు తనకు ముందే అన్నారనీ గుర్తుచేశాడు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. కొత్త నిబంధనలో ఈ రెండు పదాలూ కలిసి కనిపించే ఏకైక స్థలం యాకోబు పత్రిక 2:24. అక్కడ అవి నిషేధార్థంలో, 'విశ్వాసంవల్ల మాత్రమే కాదు' అనే భావంలో వస్తాయి. అంటే పౌలు వచనంలో ఆ పదం ఉండాలని నిర్ణయించింది వ్యాకరణం ఒక్కటే కాదు. పౌలును ఎలా చదవాలన్న ముందస్తు అవగాహన కూడా. ఆ అవగాహనకు లూథర్ సాక్షులుగా పిలిచింది సంఘపితరులను, అంటే సంప్రదాయాన్ని.

నిండిన మరియ

లూకా సువార్తలో దేవదూత మరియకు చెప్పే వందనాన్ని లాటిన్ బైబిలు 'కృపతో నిండినదానా' అనే అర్థంలో అనువదించింది. 'నిండిన' అంటే జర్మన్ చెవికి బీరుతో నిండిన పీపా, డబ్బుతో నిండిన సంచి తోస్తాయని లూథర్ వెక్కిరించాడు. ముద్దుగా పలకరించే మాటను ఎంచుకున్నాడు.

తెలుగులో ఈ ఆక్షేపణ నిలవదు. నిండుకుండ, నిండు మనసు, నిండు చూలాలు, నిండు నూరేళ్లు అన్నప్పుడు 'నిండు' అనేది మంగళవాచకం. తెలుగు కథోలికుల జపంలో మరియమ్మ 'దేవవరప్రసాదముచేత నిండిన' తల్లి. ఆ మాట ఎవరికీ పీపాను తలపించదు. ప్రొటెస్టెంట్ తెలుగు బైబిలులోని మాట 'దయాప్రాప్తురాలా'. మొదటి మాటలో కృప ఆమెలో ఉంది. రెండోదానిలో దాన్ని పొందిన స్త్రీగా ఆమె కనిపిస్తుంది. వేడుకోదగిన తల్లికి, ఆదర్శ విశ్వాసికి మధ్య ఉన్న దూరమంతా ఈ రెండు మాటల మధ్య ఉంది. జర్మన్ సంతలో లూథర్‌కు అనుకూలంగా వచ్చిన తీర్పు తెలుగు సంతలో కథోలికులకు అనుకూలంగా వస్తుంది. కాబట్టి పలుకుబడి అనువాదానికి గీటురాయి కావచ్చు గాని సిద్ధాంతానికి కాజాలదు. ఈ సంగతి లూథర్‌కూ తెలుసు. యోహాను 6:27లో తండ్రి 'ముద్ర వేసిన' కుమారుడు అన్నచోట జర్మన్ సహజత్వాన్ని వదులుకొని మూలంలోని అక్షరాన్నే నిలిపానని అతడే చెప్పుకొన్నాడు. ఏ స్థలంలో అక్షరాన్ని పట్టుకోవాలో, ఏ స్థలంలో విడవాలో అనువాదకుడే నిర్ణయించాడన్నమాట.

లేఖనం మాట్లాడనిచోట

లేఖ రెండో భాగం పొట్టిది, హడావిడిగా రాసినది. పూర్తి గ్రంథం తర్వాత రాస్తానని లూథర్ మాట ఇచ్చి ముగించాడు. సాహిత్య విలువలో మొదటి భాగానికి ఇది సాటి రాదు. వాదన మాత్రం సూటిగా ఉంది. దేవదూతలనుగాని, గతించిన పునీతులనుగాని వేడుకోమన్న ఆజ్ఞ లేఖనంలో లేదు, ఉదాహరణ కూడా లేదు. కనుక ఆ పని చేయరాదు.

మొదటి భాగంలో పదం లేకపోవడం అడ్డంకి కాలేదు. ఇక్కడ మాత్రం ఆజ్ఞ లేకపోవడమే తీర్పు అయింది. ఇది పరస్పర విరుద్ధమని కథోలిక విమర్శకులు అంటే దాన్ని తేలికగా తోసిపుచ్చలేం. లూథర్ పక్షాన ఒక సమాధానం ఉంది: ఉన్న వాక్యంలోని అర్థాన్ని పూర్తిచేయడం వేరు, లేని విధిని కల్పించడం వేరు. ఈ భేదం సరైనదే. అయితే ఏది పూరణ, ఏది కల్పన అని తేల్చేదెవరు? 'మాత్రమే'కు సాక్షిగా వచ్చిన అగస్టిన్ 'దైవనగరం' 22వ భాగంలో స్తెఫాను అవశేషాలున్న స్థలాల్లో జరిగిన అద్భుతాలను విస్తారంగా నమోదు చేశాడు. ఒక విషయంలో అతని సాక్ష్యం చెల్లి, మరొక విషయంలో ఎందుకు చెల్లదన్నది కథోలికుల ప్రశ్న. సంఘపితరులు సాక్షులే గాని న్యాయమూర్తులు కారన్నది ప్రొటెస్టెంట్ల జవాబు.

గ్రంథపు హద్దు కూడా ఈ తగాదాలో భాగమే. కథోలిక బైబిలులోని తోబీతు గ్రంథం 12వ అధ్యాయంలో, మనుషుల ప్రార్థనలను దేవుని సన్నిధికి చేర్చినట్లు రఫాయేలు దూత చెబుతాడు. మక్కబీయుల రెండో గ్రంథం 15వ అధ్యాయంలో గతించిన యిర్మీయా ప్రజలకోసం ప్రార్థిస్తున్నట్లు దర్శనం వస్తుంది. లూథర్ తన 1534 బైబిలులో ఈ గ్రంథాలను, చదవదగినవే గాని లేఖనంతో సమానం కావంటూ, రెండు నిబంధనల మధ్య విడిగా ఉంచాడు. 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ మహాసభ వాటిని ప్రామాణిక గ్రంథాలుగా ప్రకటించింది. లేఖనాన్ని, అలిఖిత సంప్రదాయాలను సమానమైన భక్తితో స్వీకరించాలని అదే సమావేశంలో నిర్ణయించింది. నేటి తెలుగు కథోలికుల బైబిలులో 73, ప్రొటెస్టెంట్ల బైబిలులో 66 గ్రంథాలు ఉండటానికి మూలం ఇదే. నిజానికి తోబీతు, మక్కబీయుల ఘట్టాలు పరలోకవాసులు మనకోసం ప్రార్థిస్తారని చూపుతాయే గాని, మనం వారిని పిలవాలని చెప్పవు. ఆ మిగిలిన అడుగును కథోలికులు సంప్రదాయం ఆధారంగానే వేయాలి. మరోవైపు మెలాంక్‌థన్ 1531లో రాసిన సమర్థనలో పరలోకంలోని పునీతులు సంఘంకోసం సాధారణంగా ప్రార్థిస్తారని ఒప్పుకున్నాడు. అంటే ఇరుపక్షాల మధ్య మిగిలింది ఆ ఒక్క అడుగే. 1563లో ట్రెంట్ సభ వాడిన మాటలు కూడా జాగ్రత్తగా ఉన్నాయి. పునీతులను వేడుకోవడం మంచిది, ప్రయోజనకరం అన్నదే గాని రక్షణకు అది తప్పనిసరి అనలేదు.

ఇక 'పునీతులు' అన్న మాట. లూథర్ జర్మన్‌లో పీఠంపై నిలిచిన పునీతునికీ, పౌలు పత్రికలు అందుకున్న మామూలు సంఘస్థునికీ ఒకటే పదం. అందుకే అక్కడ వాదం అవసరమైంది. తెలుగులో కథోలికుల జోజప్ప, అంతోని 'పునీతులు'. ప్రొటెస్టెంట్ బైబిలు రోమా పత్రిక మొదటి అధ్యాయంలో విశ్వాసులందరూ 'పరిశుద్ధులుగా' ఉండటానికి పిలుపు పొందినవారు. జర్మన్‌లో పేజీలకు పేజీలు వాదించవలసివచ్చిన విషయం తెలుగులో పదాల ఎంపికతోనే రెండు దారులుగా చీలిపోయింది. 1999 అక్టోబరు 31న అదే ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం నీతిమంతత్వంపై ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. 'మాత్రమే' అనే మాట చుట్టూ ఉన్న పాత శాపాలు దానితో చాలావరకు సడలాయి. పునీతుల వేడికోలు మాత్రం ఆ ప్రకటన పరిధిలోకి రాలేదు.